బల్లూ, మన తోటల్లోని ఎలుగు



దూరదర్శన్‌లో 1993లో ఆదివారం ఉదయం వచ్చిన 'జంగిల్ బుక్' మీలో ఎందరికి జ్ఞాపకమున్నది? పలాస, టెక్కలి చుట్టుప్రక్కల పల్లెల్లో టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టే రోజులవి. మాకు హిందీ రాదు. అయినా మౌగ్లీ, బఘీరా, బల్లూ, షేర్‌ఖాన్ మా ఊరి పిల్లల పేర్లంత అలవాటైపోయాయి. సండేస్కూలు చివరి పాటకు వచ్చేసరికి మా కళ్ళన్నీ తలుపు వైపే!

షేర్‌ఖాన్‌కు గొంతు ఇచ్చినది నానా పాటేకర్ అనీ, పాట వ్రాసినది గుల్జార్ అనీ పెద్దయ్యాక తెలిసింది. ఆ బొమ్మలు జపానులో నిప్పాన్ యానిమేషన్ వారు 1989లో మొదలుపెట్టిన 52 భాగాల సీరియల్. కథ మాత్రం బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ 1894లో ప్రచురించిన పుస్తకంలోనిది.

ఈమధ్య ఉద్దానంలోని ఒక పల్లెలో కూటము ముగిశాక పిల్లలు ఫోనులో అవే బొమ్మలు చూస్తుంటే, మేమూ వెనుక కూర్చున్నాము. ఇన్నేళ్ళకు షేర్‌ఖాన్ అంటే భయం వేయలేదు. మా చూపంతా బల్లూ మీదనే. తేనె, కాయలు, దుంపలు తింటూ తోడేలు పిల్లలకు అడవి చట్టం నేర్పే పంతులుగారు గదా! చిన్నప్పుడు మాకు అందరికంటె ఇష్టుడు. అంతలో ఒక చిన్నది మావైపు తిరిగి, "అయ్యగారూ, ఇది ఎలుగు కాదండి. ఎలుగు నల్లగుంటాది. మా నాన్న జీడితోటలో చూసినాడు" అన్నది.

దాని మాట నిజమే. కిప్లింగ్ బల్లూను గోధుమరంగువాడని వ్రాశాడు. కాని ఆ కథ జరిగే మధ్యప్రదేశ్ సివనీ అడవుల్లో ఉండేది మన ఉద్దానంలో తిరిగే నల్ల ఎలుగే. హిందీవారి భాలూ, మన భల్లూకం ఒకే మాట. దాని రొమ్ముమీద తెల్లని చార ఉంటుంది. పైదవడ ముందుపళ్ళు రెండు ఉండవు, ఆ సందులోనుంచే చెదలు పీలుస్తుంది. పిల్లలను వీపున మోస్తుంది. జీడిపండ్లు, పనసపండ్లు మాగే రోజుల్లో వాసన పట్టుకొని తోటల్లోకి దిగుతుంది. చూపు మందం. అది మనిషిని వేటాడదు. అయితే తల దించుకొని తవ్వుకొనేటప్పుడు మనిషి దగ్గరకు వచ్చేదాకా గమనించదు, ఉలిక్కిపడితే ముఖం మీదికే దూకుతుంది. ఈ సంగతి మాత్రం బొమ్మల్లో లేదు.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలిద్దరూ మరణించారు. గ్రామస్థులు ఆ ఎలుగును చంపివేశారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. పట్టుబడిన ఎలుగు కూడా బ్రతకలేదు.

అందువలన బొమ్మలు చూడనివ్వకూడదా? మేము అలా అనము. ఎలుగంటే కనబడగానే కొట్టవలసినదని ఎరిగిన పిల్లవాని కంటె, దానికీ ఆకలి ఉన్నదని ఎరిగినవాడు మేలు. కాని బల్లూతో ఆడుకోవచ్చునని తోటలోకి పోయేవాడూ మనకు వద్దు. (దావీదు ఎలుగును చంపిన సంగతి చెప్పినప్పుడు "ఏ తోటలో అయ్యగారూ?" అని అడిగేది ఉద్దానం పిల్లలే!)

తల్లిదండ్రులారా, బొమ్మలు చూపించిన రోజే ఇవీ చెప్పండి. తెల్లవారకముందు, చీకటిపడ్డాక ఒంటరిగా తోటకు వెళ్ళవద్దు. వెళితే ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకొంటూ వెళ్ళాలి. పిల్లలతో ఉన్న ఎలుగు కనబడితే మెల్లగా వెనక్కు తగ్గాలి. రాళ్ళు రువ్వి గుంపుగా తరమవద్దు, కాశీబుగ్గ అటవీశాఖవారికి కబురు పంపండి.