తాతలు విడిచిన చెల్క నేల

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు ఉన్న కాలనీలలో స్థిరపడిన మన కుటుంబాలలో అనేకం నల్గొండ, నకిరేకల్, సూర్యాపేట వైపుల నుంచి విజయవాడ రహదారి మీదుగా వచ్చినవే. చదువులు, ఉద్యోగాలు, దుకాణాలు ఇక్కడ. రెండో మూడో ఎకరాల చెల్క అక్కడ. తండ్రి మరణించిన తరువాత ఆ భూమి వారసుల పేర మారుతుంది, లేదా మారకుండానే ఉండిపోతుంది. (ఆడబిడ్డల వాటా ప్రస్తావన ఎంత ఆలస్యంగా వస్తుందో మనకు తెలియనిది కాదు.) ఏటా ఎవరికో కౌలుకిస్తాము. ఏ యేడు ఉంటాడో ఏ యేడు ఉండడో తెలియని కౌలుదారు పత్తి వేస్తాడు, యూరియా చల్లుతాడు, పత్తికట్టెను అక్కడే తగలబెట్టి వెళ్ళిపోతాడు. కొన్నేళ్ళకు దస్తర్‌ఖాన్ దగ్గర ఒక మాట వినిపిస్తుంది: "నేలలో పస లేదు, అమ్మేద్దాం."

ఆ పస ఎక్కడికి పోయింది? మన ఎర్ర చెల్క నేలలకు లోతు తక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తీ తక్కువ. ఆకు, అలము కుళ్ళి మట్టిలో కలిసినప్పుడు ఏర్పడే సేంద్రియ పదార్థమే మట్టి రేణువులను ముద్దగా కూర్చి, నడుమ గాలికీ నీటికీ దారులు విడుస్తుంది. భూసార పరీక్షలలో సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోబడి ఉంటే తక్కువ అని లెక్క. చెల్క భూములలో అధిక భాగం ఆ గీతకు దిగువనే ఉంటాయి. అటువంటి నేల మీద వాన పడితే పైపొర గట్టి పెచ్చుగా మారుతుంది. నీరు ఇంకక, ఉన్న మంచి మట్టిని కూడా వెంట తీసుకుని పోతుంది.

చెట్టు తిరిగి వచ్చిన చోట ఈ క్రమం తలక్రిందులవుతుంది. కొమ్మలు వాన దెబ్బను తగ్గిస్తాయి. పైరు వేళ్ళు చేరలేని లోతు నుంచి చెట్టు వేళ్ళు పోషకాలను పైకి తీసుకొస్తాయి; అవి ఆకులై రాలి పైమట్టికి చేరతాయి. ఆ ఆకుల కింద వానపాములు, చెదలు, శిలీంధ్రాలు పని మొదలుపెడతాయి. అయితే తొందర కూడదు. పైన నాలుగు వేళ్ళ మందం మట్టి కొన్నేళ్ళలోనే మారవచ్చు గాని, లోతు పొరలలో కర్బనం చేరడానికి దశాబ్దాలు పడుతుంది. నరికిన అడవి ఇచ్చినంతటినీ నాటిన అడవి ఒక తరంలో తిరిగి ఇవ్వలేదు.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనవసరం లేదు. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు తమ పిత్రార్జితమైన 70 ఎకరాలను దశాబ్దాల శ్రమతో అడవిగా మార్చారు. నల్గొండ ఫ్లోరైడ్ సమస్యపై జల సాధన సమితి ద్వారా ఉద్యమించినవారుగా ఆయన తెలుగు పాఠకులకు పరిచితులే. బ్యాంకు ఉద్యోగాన్ని వదులుకున్నారు. భూమికి ఎంత ధర పలికినా అమ్మలేదు. నీటి గుంటలు తవ్వించారు. అక్కడి పండ్లు పక్షులవీ జంతువులవీ అన్నది ఆయన పట్టుదల. ముస్లిం నాటిన మొక్క నుంచి గాని, వేసిన పైరు నుంచి గాని మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతని పక్షాన సదఖా అవుతుందన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధన బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. చిన్ననాటి నుంచి దాన్ని వింటూ వచ్చిన మన ఇళ్ళలో ఎన్ని గట్ల మీద చెట్లున్నాయో ఒకసారి లెక్కించుకోవలసి ఉంది.

రెండు మూడు ఎకరాలవారు మొత్తం భూమిని అడవికి విడవలేరు, విడవమని ఎవరూ అడగరు కూడా. వారికి దారి గట్టు మీద ఉంది. ఎల్.బి.నగర్ దాటితే వచ్చే హయత్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ వారి క్షేత్రం ఉంది. 1985లో ఏర్పడిన ఆ సంస్థ కార్యాలయం మన సంతోష్‌నగర్‌లోనే. గట్ల మీద గిరిపుష్పం పెంచి, కొమ్మలు కోసి, ఆకును పొలంలో వేయడాన్ని ఆ సంస్థ చాలా కాలంగా ప్రోత్సహిస్తూ వస్తున్నది. ఎండిన గిరిపుష్పం ఆకులో దాదాపు 3 శాతం నత్రజని ఉంటుంది. మన పెద్దలు వరి మడిలో కానుగ రొట్ట తొక్కించినది కూడా ఇందుకే. చెట్టు పక్క సాళ్ళలో నీడ వల్ల దిగుబడి కొంత తగ్గడం నిజం; కొమ్మలు తరచుగా కోయడమే దానికి మందు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అన్ని నేలలూ దట్టమైన అడవిని కోరవు. వనస్థలిపురం ఆనుకుని ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకనాడు నిజాం వేట భూమి. 1975లో కృష్ణజింకల కోసం రక్షించబడింది, 1994లో జాతీయ పార్కు అయింది. కృష్ణజింకకు కావలసింది పచ్చిక. ఆ గడ్డి వేళ్ళు కూడా మట్టిని పట్టి ఉంచేవే. పచ్చిక బయలును బీడు అనుకుని చెట్లతో నింపడం పునరుద్ధరణ కాదు. చెల్కనంతా నీలగిరికి అప్పగించి అడవి పెంచామనుకోవడం కూడా అంతే.

మరొకరి సంగతి మన పిల్లలకు చెప్పదగినది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోకు చెందిన యాకూబా సవాదోగో బాల్యంలో ఖుర్ఆన్ పాఠశాలలో చదివిన రైతు. 1980ల కరువులో ఊళ్ళు ఖాళీ అవుతుండగా, గట్టిపడిన నేలలో ఎండాకాలంలోనే గుంతలు తవ్వి ఎరువు నింపాడు. ఆ ఎరువు కోసం చెదలు వచ్చి నేలను గుల్ల చేశాయి, తొలి వాన ఆ దారుల్లో ఇంకింది. ధాన్యంతోపాటు చెట్ల గింజలూ మొలిచాయి. జనం పిచ్చివాడన్నారు, ఒకసారి చెట్లకు నిప్పు కూడా పెట్టారు. అతడు మళ్ళీ నాటాడు. 60కి పైగా జాతుల అడవి లేచింది. 2018లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది, 2023లో మరణించాడు. అయితే అతని చివరి యేళ్ళలో ఆ అడవిని బెదిరించింది కరువు కాదు, పక్కనే విస్తరిస్తూ వచ్చిన పట్టణపు ప్లాట్లు. ఎల్.బి.నగర్ వాసులకు దీన్ని వివరించనవసరం లేదు.

అమ్మకం మాట రాకముందు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళతో సహా వారసులందరి వాటాలు తేల్చుకోవాలి. ఉమ్మడి భూమిలో ఒకరు నాటిన చెట్టు మరొకరి చేతిలో నరకబడడం చూస్తూనే ఉన్నాము. మట్టిని పరీక్షకు పంపి, ఆ కార్డును భద్రపరచి, అయిదేళ్ళ తరువాత మరోసారి పంపాలి. కౌలు ఒక యేటికి కాక కొన్నేళ్ళకు ఇస్తే, గట్టు మీది కొమ్మ తనదేనన్న భరోసా కౌలుదారుకు కలుగుతుంది. పత్తికట్టె తగలబెట్టరాదన్న షరతూ అప్పుడే పెట్టవచ్చు. గిరిపుష్పం కొమ్మ నాటితే చాలు, తొలకరిలో చిగురిస్తుంది. వేప గింజ మాత్రం రాలిన కొద్ది వారాలకే మొలిచే శక్తిని కోల్పోతుంది. కనుక ఇంట్లో ఈ మాట వానలకు ముందే తేలాలి.