పాత సీసపు గొట్టానికి కొత్త ఇత్తడి అతుకు

ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడం మనలో చాలామంది చిన్నప్పుడు వీధి అరుగు మీద కూర్చుని చూసినవాళ్లమే. గిన్నె వేడెక్కగానే నవాసారం చల్లి, తగరం రుద్ది, దూదితో తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. సీసపు గొట్టానికి కొత్త లోహాన్ని అతికే పని దీనికి దగ్గరి చుట్టమే.

అమెరికా, బ్రిటన్‌లలోని పాత ఇళ్లలో మురుగునీరు పోయే సీసపు గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. లాటిన్‌లో సీసం పేరు ప్లంబమ్. ప్లంబర్ అనే మాట అందులోంచే వచ్చింది. అక్కడ పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకూ ఈ గొట్టం ఎదురు కావచ్చు.

ఇందులో కష్టమంతా ఒక లెక్కలో ఉంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రెండు వంతుల సీసం, ఒక వంతు తగరం కలిపిన టంకం 183 డిగ్రీల దగ్గర మెత్తబడి, సుమారు 250 డిగ్రీలకు పూర్తిగా నీరవుతుంది. ఆ మధ్యలో వెన్నముద్దలా ఉంటుంది. అతుకును మలచవలసింది అప్పుడే. మంట ఒకేచోట నిలిస్తే టంకంతోపాటు గొట్టమూ కారిపోతుంది.

ముందుగా కొత్త ఇత్తడి ముక్క కొసకు తగరపు పూత పెడతారు. సీసపు గొట్టం మూతిని కొయ్య మేకుతో కొద్దిగా వెడల్పు చేసి, మెరిసేదాకా గీకి, గాలి తగిలి మసకబారకుండా కొవ్వు రాస్తారు. ఇత్తడి కొసను అందులో దూర్చి, కరిగిన టంకాన్ని గరిటెతో కొద్దికొద్దిగా పోస్తూ, కొవ్వు పట్టించిన మందపాటి గుడ్డతో చుట్టూ గుండ్రంగా తుడుస్తారు. చల్లారేదాకా కదిలించకూడదు.

ఇక అసలు మాట. సీసం ఇంత అయితే ఫరవాలేదు అనదగ్గ మోతాదు లేదు. పిల్లల మెదడుకు మరీ చేటు. అమెరికాలో తాగునీటి గొట్టాలకు సీసపు టంకాన్ని 1986లో నిషేధించారు. మురుగు గొట్టం నీటిని ఎవరూ తాగరు నిజమే; కానీ గీకినప్పుడు రాలే పొడి పనివాడి బట్టలతో ఇంటికి చేరి, పసివాడి నోటిదాకా వెళ్తుంది. అందుకే నేడు చాలామంది మంట జోలికి పోకుండా, స్టీలు పట్టీలున్న రబ్బరు కప్లింగుతోనే కలిపేస్తున్నారు.

మేము ఉపాధ్యాయులం కనుక ఒక్క మనవి. చేతిపని నేర్చుకునే కుర్రవాడికి పనిముట్ల పెట్టె ఇచ్చే దాతలు అందులో మాస్కు, గ్లోవ్స్, ఒక సబ్బు కూడా పెట్టండి. అన్నం ముందు చేతులు కడుక్కోవడం, పని బట్టలు విడిగా ఉతుక్కోవడం కూడా ఆ పనిలో భాగమేనని చెప్పి ఇవ్వండి.