‘అందరికీ స్వాగతం’ బోర్డు వెనుక ఏముంటుంది?
అమెరికాలోని ప్రగతిశీల ప్రెస్బిటేరియన్ చర్చి గురించి కొన్ని సంగతులు

అమెరికాలో పిల్లల దగ్గర నాలుగైదు నెలలు ఉండి వచ్చిన మన సభ్యులు తరచూ ఒక సంగతి అడుగుతుంటారు. “ఇంటి దగ్గర ఒక చర్చి ఉందండీ. గుమ్మం పక్కన ఇంద్రధనుస్సు రంగుల జెండా, ‘అందరికీ స్వాగతం’ అని బోర్డు. ఇంగ్లీషు క్లాసులకు రమ్మన్నారు. వెళ్లవచ్చా? వెళితే మతం మారమంటారా?” చర్చి పేరేమిటంటే ప్రెస్బిటేరియన్ అంటారు. ప్రయాణం పెట్టుకున్నవారికి ఉపయోగపడుతుందని ఈ వివరాలు రాస్తున్నాను.

పేరులోనే పద్ధతి

గ్రీకు భాషలో ‘ప్రెస్బిటెరోస్’ అంటే పెద్ద. సంఘ పెద్దలు నడిపే చర్చి కాబట్టి ఆ పేరు. ఇందులో బిషప్ ఉండరు. పదహారో శతాబ్దంలో జెనీవాలో కాల్విన్, స్కాట్లాండ్‌లో జాన్ నాక్స్ వేసిన పద్ధతి ఇది.

మన వైపు కూడా దీని జాడలున్నాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో పాటు ప్రెస్బిటేరియన్లూ అందులో కలిశారు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ కుటుంబం ఆర్కాట్ మిషన్‌కు చెందినది. ఆ మిషన్‌ను పంపిన అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి, ప్రెస్బిటేరియన్లు ఒకే కుదురువారు.

నిర్ణయం ఎవరిది?

అమెరికాలో పెద్ద శాఖ ప్రెస్బిటేరియన్ చర్చ్ (యూఎస్ఏ). 1983లో ఉత్తరాది, దక్షిణాది శాఖలు కలిసి ఏర్పడింది. దీని ప్రతి సంఘంలోనూ సభ్యులు ఓటు వేసి పెద్దలను ఎన్నుకుంటారు. ఆ పెద్దలూ పాస్టరూ కలిసిన కమిటీకి ‘సెషన్’ అని పేరు. పెద్దల పదవీకాలం మూడేళ్లకు మించదు. వరసగా ఆరేళ్లకు మించి ఎవరూ కూర్చోకూడదు. క్లాసులు పెట్టాలన్నా, గది ఎవరికైనా ఇవ్వాలన్నా, కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవాలన్నా సెషన్ తీర్మానం కావాలి.

గుమాస్తాగా పనిచేసి రిటైరైన నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సెషన్‌కు ఒక క్లర్కు ఉంటారు. మినిట్స్ పుస్తకం, సభ్యుల పట్టిక ఆయన లేదా ఆమె చేతిలో ఉంటాయి. ఆ పుస్తకాలను పై సభ అయిన ‘ప్రెస్బిటరీ’ తనిఖీ చేస్తుంది. కాబట్టి ‘స్వాగతం’ అన్న మాట పాస్టరుగారి మంచితనం మీద మాత్రమే నిలబడదు. అది కాగితం మీదకు రావాలి.

క్లాసులు, కూడికలు

ఆదివారం ఆరాధనకు ముందో తర్వాతో పెద్దలకు ఒక గంట క్లాసు ఉంటుంది. బైబిల్ పాఠంతో పాటు జాతి వివక్ష, పర్యావరణం, ఇతర మతాల పరిచయం వంటివి కూడా పెడతారు. ప్రశ్నలు అడగడం, ఒప్పుకోకపోవడం అక్కడ తప్పు కాదు. పిల్లలకు సండే స్కూలు వేరే ఉంటుంది. చేరాలనుకునేవారికి విడిగా పరిచయ తరగతులు నడుపుతారు. చాలా చోట్ల వలస వచ్చినవారికి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతారు. దీనికి సభ్యత్వం అడగరు.

ఆరాధన అయ్యాక కాఫీ, కబుర్లు ఉంటాయి. అప్పుడప్పుడు ‘పాట్‌లక్’ పెడతారు. అంటే తలా ఒక వంటకం ఇంటి నుంచి తెచ్చి అందరూ పంచుకునే భోజనం. శాకాహారులు ఏది దేనితో చేశారో అడిగి వడ్డించుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మనం పులిహోర తీసుకెళ్తే అందులో వేరుశెనగ ఉందని చీటీ పెట్టడం మంచిది. అక్కడ ఆ పప్పు పడనివారు చాలామంది.

స్వాగతం వెనుక పోరాటం

తలుపు తీయడం వేరు, కమిటీలో కుర్చీ వేయడం వేరు. ఉత్తరాది శాఖలో స్త్రీలు సంఘ పెద్దలు కావడానికి 1930 వరకు, పాస్టర్లు కావడానికి 1956 వరకు ఆగవలసి వచ్చింది. దక్షిణాది శాఖ 1964లో ఒప్పుకుంది.

1978లో ఉత్తరాది శాఖ మహాసభ గే, లెస్బియన్ వ్యక్తులు పెద్దలుగా, పాస్టర్లుగా ఉండరాదని చెప్పింది. న్యూయార్క్‌లోని వెస్ట్-పార్క్ ప్రెస్బిటేరియన్ చర్చి అదే ఏడాది దానితో విభేదిస్తూ ప్రకటన చేసింది. ‘మోర్ లైట్’ సంఘాలు అలా మొదలయ్యాయి. మహాసభ తీర్మానాన్ని ప్రెస్బిటరీల్లో సగానికి పైగా ఆమోదిస్తేనే చర్చి నియమావళి మారుతుంది. అలా 2011లో ఆ అడ్డు తొలగింది. 2015లో పెళ్లి నిర్వచనం ఇద్దరు వ్యక్తుల మధ్యదిగా మారింది. అయినా ఇష్టంలేని పాస్టరును గానీ, సెషన్‌ను గానీ అలాంటి పెళ్లి జరిపించమని బలవంతం చేయకూడదని కూడా రాసుకున్నారు.

అరిజోనాలోని టూసాన్‌లో సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి కథ మరొకటి. 1906లో అక్కడి టొహొనో ఓధమ్ ఆదివాసుల కోసం మొదలైన చిన్న సంఘం అది. సాల్వడార్, గ్వాటెమాల యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారికి ఆశ్రయమిస్తామని 1982 మార్చి 24న బహిరంగంగా ప్రకటించింది. పాస్టర్ జాన్ ఫైఫ్‌కు 1986లో కోర్టులో శిక్ష పడింది. 1992లో చర్చి మహాసభ ఆయననే తన మోడరేటరుగా ఎన్నుకుంది. స్వాగతమనే మాటకు ఖర్చు ఉంటుందని ఆ సంఘానికి తెలుసు.

వెళ్లేముందు

ప్రెస్బిటేరియన్ అని ఉన్నవన్నీ ఒకటి కావు. 1973లో విడిగా ఏర్పడిన ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికాలో స్త్రీలు పెద్దలుగా, పాస్టర్లుగా ఉండరు. కాబట్టి ఏ శాఖో కనుక్కోండి. కానుకల పళ్లెం వచ్చినప్పుడు ఏమీ వేయకుండా పక్కవారికి అందించినా తప్పులేదు. రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు వద్దనుకుంటే కుర్చీలోనే ఉండవచ్చు. సభ్యత్వానికి విశ్వాస ప్రకటన, బాప్తిస్మం కావాలి. అది కోరి చేరేవారి సంగతి. క్లాసుకో కాఫీకో వెళ్లినంత మాత్రాన ఎవరూ సభ్యులైపోరు.

తరతరాలుగా ఉన్న ఊళ్లోనే “మీదే ఊరు?” అన్న ప్రశ్న వింటున్నవాళ్లం మనం. సభకు పిలవడానికీ, లెక్కలో చేర్చడానికీ తేడా మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మన తెలుగు సంఘాల్లోనూ ఉగాదికి వచ్చే కొత్త కుటుంబాలు, తెలుగు చదవడం రాని కోడళ్లు, వేరే భాషవారిని పెళ్లాడిన పిల్లలు ఉన్నారు. వారికి పచ్చడి పెడుతున్నాం, సంతోషం. కార్యవర్గం పట్టికలో వారి పేర్లు ఎన్ని ఉన్నాయో ఈసారి ప్రతి కార్యదర్శీ ఒకసారి చూడాలని నా మనవి.