దేవుడు 'బేగి' కనిపించాలంటే...

మన ఆడవాళ్ల ఆయుష్షులో ఎంత భాగం వరుసల్లో నిలబడి కరిగిపోతుందో ఎవరైనా లెక్క వేశారా? కుళాయి దగ్గర వరుస, రేషన్ షాపు దగ్గర వరుస, ఆస్పత్రిలో ఓపీ చీటీకి వరుస. పోనీ పుణ్యం కోసం గుడికెళ్తే అక్కడా వరుసే! అయితే ఇప్పుడు వరుసలు రెండు రకాలు. నిలబడేవాళ్లకొకటి, డబ్బిచ్చి తప్పించుకునేవాళ్లకొకటి.

పిల్లలు ఆడుకునే పార్కుల్లోనూ ఇదే తంతు. హైదరాబాద్‌లో 2016లో తెరిచిన వండర్‌లాలో ఎక్కువ సొమ్ము పెట్టి ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కొంటే వరుస తగ్గుతుంది. అమెరికాలో డిస్నీ పార్కులవాళ్లు 1999లో ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు అది ఉచితం. ఏ వేళకు రావాలో చీటీ ఇచ్చేవారు. 2021లో దాన్ని తీసేసి డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. సరే, అది వినోదం, వాళ్లది వ్యాపారం. రంగులరాట్నం ఓ గంట ఆలస్యంగా ఎక్కితే కొంపేం మునగదు. మరి గుడి మాటేమిటి?

తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం మనందరికీ తెలిసిందే. శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిస్తే బ్రేక్ దర్శనం టికెట్ కొనుక్కునే వీలుంది. మన సింహాచలంలో అక్షయ తృతీయనాడు, ఏడాదికొక్కసారి దొరికే అప్పన్న నిజరూప దర్శనానికీ టికెట్ల వరుసలు వేరు.

ఓ రథసప్తమికి అరసవల్లిలో ఉచిత వరుసలో నిలబడ్డాను. నా పక్కన పల్లె నుంచి వచ్చిన ఓ ముసలమ్మ. పక్క వరుస చకచకా కదిలిపోతుంటే చూసి చూసి, "ఏటమ్మా, డబ్బులిచ్చినోళ్లకి దేముడు బేగి అగుపిస్తాడేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

గుమ్మం ఒక్కటే!

టికెట్టు పెడితే రద్దీ తగ్గుతుందనుకుంటాం. నిజానికి వరుసలెన్నైనా గర్భగుడి గుమ్మం ఒక్కటే కదా! చిన్న లెక్క వేద్దాం. ఒక గుమ్మం ముందునుంచి గంటకు 1000 మంది వెళ్లగలరనుకోండి. ఉచిత వరుసలో 3000 మంది ఉంటే మూడు గంటల్లో అయిపోవాలి. అందులో గంటకు 400 మందిని టికెట్ల వరుస నుంచి పంపితే వీళ్లకు మిగిలేది 600. మూడు గంటల పని ఐదు గంటలవుతుంది. అంటే టికెట్టు కొన్నవారు ఆదా చేసుకున్న సమయం గాల్లోంచి ఊడిపడలేదు. ముసలమ్మ కాళ్ల దగ్గర్నుంచి వచ్చింది.

అలాగని టికెట్లు దండగని అననూ లేను. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి తిరుమలలో ఆ 300 రూపాయల టికెట్టే ఆదుకుంది. ఆలయాల ఖర్చులకూ ఆ సొమ్ము అక్కరకొస్తుంది. కానీ దారి చూపడానికి డబ్బొక్కటే కొలత కానక్కర్లేదు. తిరుమలలోనే ఏడాదిలోపు బిడ్డలున్న తల్లిదండ్రులకు సుపథం దారి ఉంది. 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు వేరే కోటా ఉంది. ఇలాంటివి అన్ని పెద్ద గుళ్లలోనూ ఉంటే ఎంత బావుంటుంది!

ఎవరి సమయం విలువైనది?

ఇంకో సంగతి మీరూ గమనించే ఉంటారు. వరుసలో నిలబడాల్సి వస్తే ఇంట్లో ముందుగా గుర్తొచ్చేది ఆడవాళ్లే. "నీకేం పనుంది, కాసేపు నిలబడు" అంటారు. నా చిన్నప్పుడు విజయనగరంలో సినిమా హాళ్ల దగ్గర ఆడవాళ్ల కౌంటరు వేరుగా ఉండేది. "అక్కా, మాకో రెండు టికెట్లు తీసి పెట్టవా?" అని ముక్కూమొహం తెలియని మగపిల్లలు మా అమ్మ చేతిలో డబ్బులు పెట్టేవారు. ఉద్యోగస్తుడి గంటకు ఖరీదుంది. ఇల్లాలి గంటకు లేదు. అందుకే నిలబడే బాధ్యత మనది. అదీ మంచినీళ్లు తాగితే బాత్‌రూమ్ ఎక్కడ వెతుక్కోవాలోనని గొంతు తడుపుకోకుండా!

ప్రాణం కంటే ముందా?

వరుసంటే ఇప్పుడు విసుగే కాదు, భయం కూడా. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో గోడ కూలి ఏడుగురు చనిపోయారు. వాళ్లున్నది 300 రూపాయల టికెట్ల వరుసలోనే. నవంబరు 1న, కార్తీక ఏకాదశినాడు మన కాశీబుగ్గలో తొక్కిసలాట తొమ్మిది మందిని పొట్టన పెట్టుకుంది. వారిలో ఎక్కువమంది మన ఆడవాళ్లే. డబ్బిచ్చి సమయాన్ని కొనుక్కోగలమేమో గానీ, గోడ గట్టిదనాన్నీ, బయటపడే దారినీ కొనుక్కోలేం. అవి ఉచితంగా, అందరికీ ఉండి తీరాల్సినవి.

మన పైడితల్లమ్మను చూడండి. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. వీధిలో నిలబడ్డవారి ముందుకు అమ్మే వస్తుంది. అరటిపండు విసిరే చేతిలో టికెట్టుందా లేదా అని ఎవరూ అడగరు.

మనం చేయగలిగింది

* అరసవల్లికి ఆదివారం, రథసప్తమి తప్పించి మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి. స్వామి అన్ని రోజులూ ఉంటాడు.
* పసిపిల్లలతో, నిండు గర్భంతో పర్వదినం రద్దీలోకి వెళ్లకండి.
* వరుసలోకి దిగేముందే బయటికి వచ్చే దారి ఎక్కడుందో చూసుకోండి. వెనకనుంచి తోపులాట మొదలైతే పక్కకు తప్పుకోండి.
* తిరుమలకైతే వేళ ముందే తెలిసే టోకెనో, టికెట్టో చూసుకుని బయల్దేరండి.
* పిల్లల్ని పార్కుకు తీసుకెళ్తే సెలవురోజు మానేసి, గేటు తీసే వేళకే వెళ్లి పెద్ద రైడ్‌తో మొదలెట్టండి. ఫాస్ట్‌ట్రాక్ ఖర్చు మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఈసారి ఇంట్లో ఎవరైనా "నీకేం పనుంది, నిలబడు" అంటే, "ఇద్దరం చెరో గంట నిలబడదాం" అని చెప్పి చూడండి. దేవుడి ముందు అందరూ సమానమన్న మాటను మన ఇంటి నుంచే మొదలుపెట్టకూడదూ?