గుండు బరువు మారితే గురి తప్పుతుంది

గుమ్మడిదల: మక్క కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే నల్లవల్లి, నర్సాపూర్ అడవుల అంచు రైతుకు కంటి మీద కునుకు వుండదు. అడవి పందుల మంద దిగిందంటే తెల్లవారేసరికి చేను దున్నినట్టు అవుతుంది. మంచె మీద డబ్బా మోత, గట్టు చుట్టూ పాత చీరెలు, ఏదీ పనిచేయకపోతే చివరకు అటవీశాఖ అనుమతితో తుపాకీ. ఈ తుపాకీ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అదే తుపాకీ, అదే చేయి, అదే గురి అయినా, తూటాలోని గుండు బరువు మారితే దెబ్బ మరోచోట పడుతుంది.

వడిసెల తిప్పిన వారికి ఇందులో సగం తెలుసు. అదే ఊపుతో విసిరితే పెద్దరాయి ముందే దిగుతుంది. గుండూ అంతే. బరువైనది నెమ్మదిగా బయలుదేరి, దారిలో ఎక్కువసేపు వుండి, ఆ మేరకు ఎక్కువ కిందికి జారుతుంది. మిగతా సగంలోనే వుంది తిరకాసు. దగ్గర దూరంలో బరువు గుండు చాలాసార్లు తేలిక గుండు కన్న పైన తగులుతుంది!

కారణం తుపాకీ తన్నడం. మందు అంటుకోగానే గుండు ముందుకు, తుపాకీ వెనక్కి కదులుతాయి. బట్ ఆనే భుజం గొట్టం కన్న కిందుగా వుంటుంది కనుక తుపాకీ కొన పైకి లేస్తుంది. గుండు గొట్టంలో వుండేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు మూడు వంతులు. బరువు గుండు మరికాస్త ఆలస్యంగా బయటపడుతుంది, పైగా ఎక్కువ తన్నుతుంది. అప్పటికి కొన ఇంకొంచెం లేచి వుంటుంది. పొట్టిగా, తేలికగా వుండే కార్బైన్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

బ్రిటిష్ సైన్యానికి ఈ చిక్కు పాతదే. ట్రిగ్గర్ కింది మీట నొక్కితే తెరుచుకునే మార్టినీ-హెన్రీ రైఫిల్‌ను 1871లో చేపట్టింది. దాని గుండు 31 గ్రాములు, అంటే మూడు తులాల పైన. 1877లో గుర్రపు దళానికి అదే రకం పొట్టి కార్బైన్ వచ్చింది. రైఫిల్ తూటా అందులో పట్టేది గాని, భుజం అదిరిపోయేది. అందుకని 26.6 గ్రాముల గుండుతో, మందు తగ్గించి వేరే తూటా చేశారు. ఏ తుపాకీ సైటు మీది దూరాల గుర్తులు దాని తూటాకే సరి.

అమెరికా వారి 1894 నమూనా వించెస్టర్ మీట తుపాకీకి రెండు రకాల గుండ్లు వాడుక. ఒకటి 9.7 గ్రాములు, మరొకటి 11. ఒకటి తులానికి లోపు, ఒకటి తులం దాటి. ఆ కాస్త తేడాకే సెకనుకు దాదాపు 60 మీటర్ల వేగం మారుతుంది. ఇక అందాజుగా మందు పోసి కూరే నాటు తుపాకీ సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన వుండదు.

జానెడు తేడా చిన్నది కాదు. గుండెకు తగలవలసింది కడుపుకు తగిలితే పంది పడదు. గాయంతో పొదలో దూరి, తెల్లవారి కలుపుకు వచ్చిన వారి మీదికి తిరగబడుతుంది. తప్పిన గుండు చేను గట్టు దగ్గర ఆగదు. బొంతపల్లి ఫ్యాక్టరీల్లో రాత్రి డ్యూటీ దిగి పొలాల దారిన వచ్చే కార్మికుడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

అందుకే అనుమతి వున్న షూటర్లు కొత్త రకం తూటా కొన్నప్పుడు ముందుగా ఫైరింగ్ రేంజిలో, 50 మీటర్ల దూరాన అట్ట పెట్టి మూడు దెబ్బలు వేసి చూస్తారు. మూడింటి నడిమి చోటు గురికి పైన వుంటే వెనుక సైటు దించుతారు, కింద వుంటే ఎత్తుతారు. పొలానికి వెళ్లేటప్పుడు రెండు రకాల తూటాలు కలిపి జేబులో వేసుకోరు.

లైసెన్సు తుపాకీ ఇంట్లో వున్నంత మాత్రాన పందిని కొట్టరాదు. పంటల రక్షణకు నాటు తుపాకీ లైసెన్సు ఇచ్చేది 1959 ఆయుధాల చట్టం. పందిని చంపే అనుమతి 1972 వన్యప్రాణి చట్టం కింద వేరుగా, రాతమూలకంగా పొందాలి. గుండు బరువు తూటాల పెట్టె మీద గ్రెయిన్లలో అచ్చువేసి వుంటుంది. దాదాపు 15.4 గ్రెయిన్లు ఒక గ్రాము.