ఆఫ్రికా మృగదర్శన యాత్రకు మూట

సఫారి యనఁగా స్వాహిలీ భాషలో ప్రయాణము. కెన్యాలోని మసాయి మారాకును, టాంజానియాలోని సెరెంగెటికిని మృగములఁ జూడఁబోవువారు ముందుగా తూచుకొనవలసినది తమ మూటను. ఆ గడ్డిమైదానములలో దిగెడు చిన్న విమానములలో తలకు సాధారణముగా 15 కిలోలే యనుమతింతురు. అదియు మెత్తని సంచిలోనే. ప్లాస్టిక్ సంచులను కెన్యా 2017లోను, టాంజానియా 2019లోను నిషేధించినవి, గుడ్డసంచులే శరణ్యము.

బట్టలు మట్టిరంగువి మేలు. నీలము, నలుపు రంగులు త్సేత్సే యను నీఁగ నాకర్షించును. దాని కాటువలన నిద్రజబ్బు సోఁకవచ్చును. భూమధ్యరేఖ చెంత చలి యేమని నవ్వవలదు. సెరెంగెటి ప్రక్కనున్న ఎన్‌గోరోన్‌గోరో అగ్నిపర్వతబిలపు టంచు సుమారు 2,300 మీటర్ల యెత్తున నున్నది. తెల్లవాఱుజామున కంబళి లేనివానికి సింహముకన్న ముందు చలియే కనఁబడును. దుర్భిణి మనిషికొకటి యుండవలెను. ఇద్దఱికొకటైనచో చిఱుతపులి పొదలోఁ దూఱిన పిమ్మట చేతికి వచ్చును.

ఇఁక ముఖ్యమైనది పీతజ్వరపు టీకా పత్రము. టీకాను ప్రయాణమునకు 10 దినములు ముందే వేయించుకొనవలెను. పత్రము లేక కెన్యానుండి తిరిగి వచ్చినవారిని మన విమానాశ్రయమున 6 దినములవఱకు వేఱుగా నుంచవచ్చును. అయితే 60 ఏండ్లు దాటినవారికి మొదటిమాఱు ఈ టీకావలన ముప్పు కొంత హెచ్చు. కావున మన యీడువారు టిక్కెట్టు కొనకముందే వైద్యుని సంప్రదింపవలెను. పత్రము చేతికి వచ్చినచో దానిని మూటలోఁ గాక చొక్కా జేబులో నుంచుకొనుఁడు.