కోనసముద్రపు చిట్టెము

పసుపునకు పేరుపడిన ఆర్మూరునుండి మెట్‌పల్లి మార్గమున తూర్పునకు సాగినచో కమ్మర్‌పల్లి తగులును. పేరు వినగానే కొలిమి తలపునకు రాక మానదు. ఆ చేరువనే కోనసముద్రము కలదు. పాశ్చాత్యులు ‘ఊట్జ్’ అని పిలిచిన మూస ఉక్కు ఇచ్చట పుట్టి, పారసీక వర్తకుల చేతులమీదుగా ఖడ్గములైనది. హెన్రీ వాయిసీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1820 ప్రాంతమున ఈ కొలుములను చూచెను. ఆయన వ్రాసిన వృత్తాంతము మరణానంతరము 1832లో అచ్చుపడినది.

మూసలు చేయుటకు కమ్మరులు మట్టిలో వరిపొట్టు, నూనె కలిపెడివారు. అంతటితో ఆగక, పగిలిన పాత మూసలను, కూలిన కొలుముల పెళ్లలను నూరి చేర్చెడివారు. ఒకసారి నిప్పునకు ఓర్చిన మట్టి మరల ఓర్చునని వారెరుగుదురు. ఇక మిగిలినది చిట్టెము. దానినైనను మన వైద్యులు విడిచిరా? మండూరమను పేర భస్మము చేసి పాండురోగమునకిచ్చిరి. నూరేండ్లు దాటిన చిట్టెమే శ్రేష్ఠమట! 2010లో భారత, బ్రిటిష్ పరిశోధకులు ఉత్తర తెలంగాణమున తిరిగినపుడు ఇట్టి దిబ్బలు ఊరూర కానవచ్చినవి.

సీసము గుణము వేరు. అదియు కరగించి మరల వాడదగినదే. కాని పాత బ్యాటరీని చాటుకొలిమిలో కరగించినచో పొగలో కొంత, బూడిదలో కొంత, పారబోసిన ఆమ్లముతో కొంత నేలకు చేరును. చేరినది చెడదు, నశింపదు. పసిపిల్లల మెదడును కుంటుపరచును. బ్యాటరీలను తయారుచేసినవారే తిరిగి సేకరింపవలెనని కేంద్రప్రభుత్వము 2001లోను, మరల 2022లోను నియమములు చేసినది. నియమము చక్కనిదే, తూకమునకు రొక్కమిచ్చు పాతసామాను బండి మాత్రము ముంగిటికే వచ్చును.

పసుపు సీమకు ఇందు మరియొక జంకు కలదు. సీసము క్రోమియముతో చేరి లెడ్ క్రోమేటు అయినపుడు అచ్చముగా పసుపు వన్నె దాల్చును. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములకు మెరుగుపెట్టు వేళ దీనిని అద్దు దుర్మార్గులు కలరు. మన ఆహార నియమములు దీనిని పూర్తిగా నిషేధించినవి. అయినను 2024లో వెలువడిన ఒక పరిశోధన పాట్నా అంగళ్ల పసుపున మితిమీరిన సీసమును చూపినది. ఎచ్చటి కల్తీయైనను కొనువాడు జంకినచో, ఆ రంగు మొగమెరుగని ఆర్మూరు రైతు సయితము నష్టపడును. బంగ్లాదేశమున 2019లో నూటికి 47 పసుపు నమూనాలలో సీసము బయటపడెను. తనిఖీలు, జరిమానాలు, ప్రచారము ఏకకాలమున సాగినవి. 2021 నాటికి అట్టి నమూనా ఒక్కటియు దొరకలేదు.